శ్రమ దినాల ఆకుకూర

మా బావ గుండె చప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళకి వినపడేది. పలక మీద ఎవరో గోటితో కొడుతున్నట్టు టిక్కు టిక్కుమనేది. మద్రాసులో ఆపరేషను చేసి, గుండెలో పాడైపోయిన కవాటం తీసేసి, దాని చోట తీగల గూడు ఒకటి పెట్టారు. ఆ గూట్లో చిన్న బంతి. రక్తం వచ్చినప్పుడల్లా బంతి లేచి మళ్ళీ కూర్చుంటుంది. ఆ చప్పుడే అది. ఒకసారి సిటీ బస్సులో పక్క సీటాయన తన చేతి గడియారం విప్పి చెవి దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు. బావ నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు.

బావ నా మేనమామ కొడుకు, నా భర్త. పెళ్ళికి ముందు బావా అనేదాన్ని, పెళ్ళయ్యాక కూడా అదే పిలుపు. చిన్నప్పుడు ఆయనకి కీళ్ళ నొప్పులతో జ్వరం వచ్చింది. ఆ జ్వరమే గుండెని పట్టుకుందని తర్వాత డాక్టర్లు చెప్పారు. ముప్పై ఏళ్ళు నిండకముందే నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మా చర్చి సంఘం పెద్దలు ఎవరెవరికో ఉత్తరాలు రాసి, మాట్లాడి, మద్రాసు పంపించారు. డెబ్బయ్యో దశకం మొదట్లో మాట. అప్పట్లో గుండె కోసి బతికించడమంటే మా పేటలో ఎవరూ నమ్మలేదు. తిరిగొచ్చాక ఆడవాళ్ళు పని మానుకుని వచ్చి ఆయన ఛాతీ దగ్గర చెవి పెట్టి విని వెళ్ళేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది.

బావ బెజవాడలో దర్జీ. గవర్నర్‌పేటలో ఒక బట్టల కొట్టు అరుగు మీద మిషను వేసుకుని కుట్టేవాడు. ఆపరేషను తర్వాత తొక్కుడు మిషను వద్దన్నారని చేత్తో తిప్పేది పెట్టుకున్నాడు. నేను ఆకుకూరలమ్మేదాన్ని. తెల్లవారగానే బందరు కాలవ గట్టు వెంట తోటలకి వెళ్ళి, తోటకూర, చుక్కకూర, బచ్చలి కట్టలు గంపకెత్తుకుని, వీధులన్నీ తిరిగి మధ్యాహ్నానికి ఇంటికి చేరేదాన్ని. గట్టు మీద దానంతటది పెరిగే పొన్నగంటి నేనే కోసుకునేదాన్ని. అమ్ముడుపోకుండా మిగిలింది మా పొయ్యి మీదికి. అప్పట్లో నాకు అక్షరాలు రావు. ఏ ఇంటి ఆవిడ ఏ కూర తీసుకుంటుందో, నిన్న ఏం తీసుకుందో, మొన్న ఏం వద్దందో మాత్రం మర్చిపోయేదాన్ని కాదు. రాసుకోవడం తెలియని వాళ్ళకి గుర్తుపెట్టుకోవడం ఒక్కటే దారి.

మద్రాసు నుంచి బయల్దేరే రోజున అక్కడి నర్సు, తెనాలి వైపు అమ్మాయి, నన్ను పక్కకి పిలిచింది.

"చూడమ్మా, ఆ బంతి మీద రక్తం గడ్డకడితే ఆ గడ్డ పోయి మెదడులో అడ్డం పడుద్ది. అందుకే ఈ మాత్ర ఇచ్చింది. జన్మలో ఆపకూడదు. ఇంకోటి, ఆకుకూరల్లో రక్తాన్ని గడ్డకట్టించే విటమిను ఉంటది. కె విటమిను అంటారు. ఈ మాత్ర చేసే పనల్లా దాన్ని అడ్డుకోటమే."

"అయితే ఆకుకూర అసలు పెట్టొద్దాండీ?"

"మానక్కర్లేదు. ఎప్పుడూ తినేంత తినమను. ఒక వారం గంపెడు, ఒక వారం బొత్తిగా లేకుండా, అట్టా మాత్రం వద్దు."

"నేను అమ్మేది ఆకుకూరలేనండీ."

ఆ అమ్మాయి నా మొహం చూసి నవ్వింది. "మంచిదేగా, తూకం నీ చేతిలోనే ఉంటది," అంది.

రైల్లో ఆ మాట చెప్తే బావ, "అయితే నన్ను బతికించేదీ నువ్వే, చంపేదీ నువ్వే. ఇంక నీతో మర్యాదగా ఉండాలి," అన్నాడు. గూడూరు దాకా మర్యాదగా మీరు, మీరు అంటూ నన్ను ఏడిపించాడు.

నెలకోసారి గవర్నర్‌పేటలో ఒక డాక్టరుగారి దగ్గరికి వెళ్ళేవాళ్ళం. కింద ల్యాబులో రక్తం తీసి, ఎంతసేపట్లో గడ్డకడుతోందో చూసి కాగితం ఇచ్చేవాళ్ళు. ఆ కాగితం పట్టుకుని మెట్లెక్కి పైకి వెళితే డాక్టరుగారు మాత్ర ఎంత వేసుకోవాలో చెప్పేవారు. బావకి సొంత పరీక్ష ఒకటుండేది. దర్జీ అన్నాక సూది గుచ్చుకోక తప్పదు. గుచ్చుకోగానే చిన్నగా కీర్తన ఎత్తుకునేవాడు. ఒక చరణం అయ్యేలోగా రక్తం ఆగితే క్షేమం. రెండో చరణంలోకి వెళితే మాత్ర ఎక్కువైనట్టు. ఈ సంగతి చెప్తే డాక్టరుగారు నవ్వి, "పాట పాడుకో, తప్పులేదు. నమ్ముకోవడం మాత్రం ల్యాబు కాగితాన్ని నమ్ముకో," అన్నారు.

ఆపరేషనైన మొదటి ఏడాది శ్రమ దినాల్లో బావ ఉపవాసం ఉండలేదు. ఒంట్లో శక్తి లేదు, చర్చి అయ్యగారే వద్దన్నారు. ఈస్టరుకి ముందు వచ్చే ఆ నలభై రోజులూ మా వాళ్ళు నీసు ముట్టరు. మాంసం, చేప, గుడ్డు ఏవీ ఉండవు. కొందరు ఒంటిపూట తింటారు. రెండో ఏడాది, ఆ దినాలు మొదలయ్యే భస్మ బుధవారానికి ముందు రోజు, అన్నం తింటూ చెప్పాడు.

"ఈ ఏడు నలభై రోజులూ నీసు మానేస్తన్నా."

"కోసి కుట్టిన ఒళ్ళు బావా. నీసు లేకపోతే బలమెట్టా వస్తది?"

"కోసి కుట్టింది ఎందుకు, బతకడానికేగా. బతికించినాయనకి నలభై రోజులు ఇవ్వలేనా?"

"ఇయ్యి, ఎవరొద్దన్నారు. గుడ్డు మాత్రం తిను."

"గుడ్డు నీసు కాదేంటే?"

"వండేదాన్ని నేను. నేను కాదంటే కాదు."

"అయితే రేపట్నించి వాక్యం కూడా నువ్వే చెప్పు. అయ్యగార్ని ఇంటికి పంపించేద్దాం," అన్నాడు.

నవ్వాడు గానీ మాట మార్చుకోలేదు. నేనూ ఆయనతోపాటు ఉన్నాను. నీసు లేదు కాబట్టి, ఆయన ఒళ్ళు నీరసించకూడదు కాబట్టి, నాకు తెలిసిన బలమైన తిండి నా గంపలోదే కాబట్టి, రెండు పూటలా ఆకుకూర వండాను. తోటకూర పులుసు, పొన్నగంటి వేపుడు, బచ్చలి పప్పు, చుక్కకూర పప్పు. మామూలు రోజుల్లో వారానికి రెండుసార్లు తినేవాళ్ళం. ఆ నలభై రోజులూ కంచంలో సగం ఆకే. నర్సు చెప్పిన మాట గుర్తు లేక కాదు. ఆమె చెప్పింది తిండి గురించి, ఇది ఉపవాసం. మందుకి సంబంధించింది డాక్టరుది, ఉపవాసం దేవుడిది. ఆ రెండూ ఒకే పేగులో కలుస్తాయని మాకు తోచలేదు.

నెల పరీక్షకి వెళ్ళాం. డాక్టరుగారు కాగితం చూసి కనుబొమలు ముడిచారు.

"రక్తం తొందరగా గడ్డకడుతోందయ్యా. మాత్రలు మానేశావా?"

"ఒక్క పూట కూడా తప్పలేదండి."

"తిండిలో ఏమన్నా మార్పు ఉందా?"

"లేదండి. మామూలేనండి."

నేను ఆయన వెనక స్టూలు మీద ఉన్నాను. చెప్పబోయాను. బావ పాదం వెనక్కి జరిపి నా పాదాన్ని నొక్కాడు. ఊరుకున్నాను. డాక్టరుగారు రోజుకి సగం మాత్ర పెంచి రాశారు.

మెట్లు ఒక్కొక్కటే దిగుతూ అడిగాను. "అబద్ధమెందుకాడావు బావా?"

"అబద్ధమేముంది? తోటకూర మనకి కొత్తా?"

"రెండు పూటలా తినడం కొత్తేగా."

"ఉపవాసమున్నానని ఆయన ముందు డప్పు కొట్టుకోమంటావా? నలుగురికీ తెలిసిందంటే అదింక ఉపవాసమే కాదు. అయ్యగారు ఎన్నిసార్లు చెప్పాడు?"

అవును, చెప్పేవారు. ఉపవాసమున్నవాడు తల దువ్వుకుని మామూలుగా కనపడాలని, దేవుడికి తప్ప ఎవరికీ తెలియకూడదని ప్రతి ఏడూ చెప్పేవారు. ఇంకొకటి కూడా రాయాలి. ఆ మెట్ల మీద నాకు లోపల గొప్పగా కూడా అనిపించింది. పేటలో చాలామంది పది రోజులకే చాటుగా చేపలు వండుకుంటారు, మా ఆయన గుండె కోయించుకుని కూడా ఇన్ని రోజులు నిలబడ్డాడు అని.

ఈస్టరు వచ్చింది. తెల్లవారుజామున సమాధుల దగ్గర ఆరాధన చేసుకుని ఇంటికొచ్చి మాంసం వండుకున్నాం. ఆ మర్నాడే ఉయ్యూరు పక్కన మా పుట్టింటికి వెళ్ళాం. చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన బస్సులోకే వస్తుంది, ఆ వాసన తగిలితే నాకు ఇల్లు చేరినట్టుండేది. ఉపవాసం చేసొచ్చిన అల్లుడని మా అమ్మ రోజూ ఏదో ఒకటి కోసింది. పది రోజులు కోడి, చేప, గుడ్డు తప్ప మరో మాట లేదు. బెజవాడ తిరిగొచ్చేసరికి ఎండాకాలమని కాలవలకి నీళ్ళు కట్టేశారు. గట్టు కింద తోటలు ఎండి, నా గంపలోకి మామిడికాయలు, దోసకాయలు వచ్చాయి. దొరికిన కాస్త ఆకుకూర కూడా నేను ఇంట్లో వండలేదు. నలభై రోజులు మరీ ఎక్కువ పెట్టాను, ఇప్పుడు పూర్తిగా ఆపితే సరిపోతుందనుకున్నాను. బుద్ధిగా ఆలోచించే చేశాను. అదే ఆయన ప్రాణం మీదికొచ్చింది.

ముందు వేపపుల్ల ఎర్రగా అయింది. చిగుళ్ళు గట్టిగా తోముకున్నానన్నాడు. తర్వాత కత్తెర ఆనించుకునే తొడ మీద నల్లని మచ్చ లేచింది, దోసకాయ బద్దంత. ఒక రోజు సూది గుచ్చుకుంటే కీర్తన మూడో చరణం దాటినా రక్తం ఆగలేదని, ఆ రక్తం ఎవరిదో పెళ్ళి జాకెట్టుకి అంటుకుందని చెప్పి, మచ్చ పోవడానికి ఏం రాయాలని నన్నే అడిగాడు.

"జాకెట్టు సంగతి తర్వాత. పద డాక్టరు దగ్గరికి."

"నెల కాలేదుగా. ఈ పెళ్ళి బట్టలు ఇచ్చేశాక పోదాం."

రెండు రోజులకి, పొద్దున్నే దొడ్లోంచి వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాడు. మూత్రం ఎర్రగా పోయిందన్నాడు. మెల్లిగా, ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పాడు. గంప అక్కడే వదిలేసి రిక్షా పిలిచాను.

ఆ రోజు డాక్టరుగారే కిందికి దిగొచ్చారు. రక్తం తీసిన చోట దూది మీద దూది పెట్టినా తడుస్తూనే ఉంది. ఆయన మళ్ళీ అదే ప్రశ్న అడిగారు, ఈసారి నిలబడి, గట్టిగా.

"ఏం తిన్నావయ్యా? ఏం మానేశావు?"

"ఏం లేదండి..." అన్నాడు బావ.

"ఉందండి," అన్నాను.

భస్మ బుధవారం నుంచి మొదలుపెట్టాను. మొదటి రోజు మధ్యాహ్నం తోటకూర పులుసు, సాయంత్రం బచ్చలి పప్పు. రెండో రోజు పొన్నగంటి. నలభై రోజులూ ఏ పూట ఏం వండానో, ఎన్ని కట్టలు వండానో, నూనె ఎంత పోశానో వరసగా చెప్పాను. ఈస్టరు నుంచి నిన్నటిదాకా ఆకు ముట్టలేదని కూడా చెప్పాను. డాక్టరుగారు మధ్యలో ఆపలేదు. బావ నా వైపు చూడలేదు. బల్ల మీద పడుకుని పైకప్పు చూస్తున్నాడు. ఆయన నలభై రోజులు ఎవరికీ తెలియకుండా దాచుకున్నది నేను ల్యాబులో నలుగురి ముందు పరిచేశాను.

"అమ్మా, నువ్వు ఈ మాట కిందటి పరీక్షకొచ్చినప్పుడే చెప్పాల్సింది," అన్నారు డాక్టరుగారు.

ఆయన నన్ను తిట్టలేదు. ఆ పూట ఆసుపత్రిలో చేర్పించాక, నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి చెప్పారు. ఆకులో ఉన్న కె విటమిను నూనెతో కలిసి పేగులోంచి ఒంట్లోకి వెళుతుందట. అందులో ఎక్కువ భాగం ముందు లివరుకి చేరుతుంది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన సరుకు తయారయ్యేది అక్కడే. లివరు ఆ విటమినుని ఒకసారి వాడి పారెయ్యదు, బాగుచేసుకుని మళ్ళీ వాడుకుంటుంది. బావ వేసుకునే మాత్ర ఆ బాగుచేసే పనిని అడ్డుకుంటుంది. అంచేత ఆయన లివరుకి రోజూ కంచంలోంచి వచ్చే కొత్త ఆకే ఆధారం.

"నువ్వు నలభై రోజులు ఆకు కుమ్మరించావు. అది చూసి నేను మాత్ర పెంచాను. ఆ పెంచిన మాత్ర అట్లాగే ఉంది, నువ్వు ఆకు ఆపేశావు. ఈ విటమిను కొవ్వులాగా ఏళ్ళ తరబడి ఒంట్లో దాగి ఉండదమ్మా. కొద్ది రోజుల్లో ఖర్చయిపోతుంది."

"ఇప్పుడేం చేస్తారండీ?"

"అదే విటమిను సూదిలో ఇస్తాను. కొంచెం కొంచెం. తక్కువైతే రక్తం ఆగదు. ఎక్కువైతే ఆ బంతి మీద గడ్డకడుతుంది. చూద్దాం."

ఆ చూద్దాం అనే మాట మూడు రోజులు నడిచింది. బంతి మీద గడ్డ కడితే చప్పుడు మొద్దుబారుతుందని ఆయన చెప్పారు. డాక్టర్లు గొట్టం పెట్టి పూటకోసారి వినేవాళ్ళు. నేను చెవి పెట్టి వినేదాన్ని, ఎన్నిసార్లో లెక్క లేదు. పగలు వార్డు నిండా జనం, నేను మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆయన ఛాతీ మీద తల ఆన్చి. పక్క మంచం ముసలావిడ, కొడుక్కి తోడొచ్చింది, చూసి చూసి అంది.

"పట్టపగలు ఇదేం సరసమే పిల్లా?"

"గడియారం ఆగిందేమో చూస్తన్నా మామ్మా."

"ఆగకుండా నేను చూస్తాలే, పోయి అన్నం తినిరా."

వెళ్ళలేదు. ఆ చప్పుడుని అంతకు ముందు ఏడాదిన్నర నుంచి వింటున్నాను. కొన్నిసార్లు విసుక్కునేదాన్ని కూడా, మాటల మధ్యలో అడ్డం వస్తోందని. ఆ మూడు రోజుల్లో రెండు చప్పుళ్ళ మధ్య ఉన్న ఖాళీలో నేను ఎన్ని మొక్కుకున్నానో చెప్పలేను. నిజం చెప్పాలంటే అందులో ప్రార్థన తక్కువ. నా పాదం మీద ఆయన పాదం నొక్కినప్పుడు నేను ఎందుకు ఊరుకున్నానా అన్నదే ఎక్కువ.

బావ మాత్రం నాతో మాట్లాడలేదు. నీళ్ళిస్తే తాగేవాడు, పక్కకి తిప్పితే తిరిగేవాడు. మూడో రోజు మధ్యాహ్నానికి మూత్రం తేటపడింది. డాక్టరుగారు గుండె విని, తల ఊపి, వెళ్ళిపోయారు. అప్పుడు నోరు విప్పాడు.

"నా ఉపవాసమంతా పూటల లెక్కన అప్పజెప్పావుగా ఆయనకి."

"అప్పజెప్పాను."

"నూనె కూడా వదల్లేదు."

"నీ ఉపవాసం దేవుడికి తెలిస్తే చాలు బావా. నీ కూర డాక్టరుకి తెలియాలి."

"పదిహేడో రోజు సాయంత్రం బచ్చలి కాదు, చుక్కకూర. పులుపు ఎక్కువైందని గొడవ పడ్డాం కూడా," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని పడుకున్నాడు, మూతి చివర నవ్వు దాచుకుని.

ఇంటికి వెళ్ళేటప్పుడు డాక్టరుగారు నా చెయ్యి చాపించి చూశారు. "రోజూ మధ్యాహ్నం నీ పిడికెడు ఆకు, ఒక చెంచా నూనె. పండగైనా, ఉపవాసమైనా, ఊరెళ్ళినా అంతే. దానికి తగ్గట్టు మాత్ర నేను చూసుకుంటాను," అన్నారు. నేను అంతకు ముందు కట్టలతో కొలిచేదాన్ని, అప్పట్నించి పిడికిలితో కొలిచాను. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు, నా గంపలోకి ఆకు రానప్పుడు, పంపు నీళ్ళు వృథాగా పారే చోట రెండు మళ్ళు వేసి ఆయన ఒక్కడి కోసం తోటకూర పెంచాను. పుట్టింటికెళితే తడిగుడ్డలో చుట్టి వెంట తీసుకెళ్ళాను. మా అమ్మ చూసి, "మా ఊళ్ళో గడ్డి కూడా దొరకదనుకున్నావే?" అంది. ఆ తర్వాతి శ్రమ దినాల్లో బావ నీసు మానాడు, పప్పూ చారూ మజ్జిగతో నలభై రోజులు గడిపాడు. మధ్యాహ్నం పిడికెడు ఆకు మాత్రం అలాగే ఉంది. ఇది మందే గానీ కూర కాదని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

ఆయనకి తోటకూరంటే ప్రాణం. చిన్నప్పుడు మా ఇంటికొచ్చినప్పుడు గిన్నె ఊడ్చి తినేవాడు. పిడికెడు ఆకు మగ్గితే ఎంతవుతుంది, నిమ్మకాయంత. దాన్ని అన్నంలో కలుపుకుని, రెండు ముద్దల్లో అయిపోయాక కంచం కొంచెం ముందుకి జరిపేవాడు.

"ఇంకొంచెం వెయ్యవే."

"లేదు."

"గిన్నెలో ఉందిగా, కనపడతంది."

"అది నాది."

"నీకు గుండె బానే ఉంది గానీ మనసే లేదు."

ఐదేళ్ళు. దాదాపు రోజూ ఇవే మాటలు, ఇదే వరసలో. ఒక్క రోజూ వెయ్యలేదు. ఆ ఐదేళ్ళలో రక్తం మళ్ళీ చెడలేదు, ల్యాబు కాగితం చూసి డాక్టరుగారు నా వైపు తిరిగి తల ఊపేవారు. నాకు అదే పండగ. చివరికి ఆయన్ని తీసుకుపోయింది రక్తం కాదు. గుండె కండరమే అలిసిపోయింది. కాళ్ళు వాచాయి, ఆయాసం వచ్చింది, ఒక మధ్యాహ్నం అన్నం కలుపుతూ కలుపుతూ గోడకి ఆనుకున్నాడు. డెబ్బయ్యో దశకం ఇంకా పూర్తి కాలేదు.

అక్షరాలు నేను చాలా ఏళ్ళ తర్వాత నేర్చుకున్నాను, మోకాళ్ళ నొప్పులు పట్టి గంప దించేశాక. చర్చి వెనక గదిలో మధ్యాహ్నాలు మాలాంటి పదిమందిని కూర్చోబెట్టి ఒక రిటైరైన టీచరమ్మ నేర్పింది. చదవడం వచ్చాక కనపడిందల్లా చదివేదాన్ని, కొట్ల బోర్డులు, మందు చీటీలు, పొట్లం కాగితాలు. మా వీధిలో నర్సు చదువు చదివే పిల్ల ఒకతి ఉంది. ఆ పిల్ల ఇంట్లో తెలుగులో రాసిన ఆరోగ్యం పుస్తకం చూసి అడిగి తెచ్చుకున్నాను. అందులో కె విటమిను గురించి రెండు పేజీలున్నాయి. వేలు పెట్టుకుని రెండు రోజులు చదివాను.

లివరు సంగతి డాక్టరుగారు చెప్పినట్టే ఉంది. తర్వాత ఉన్నది ఆయన చెప్పలేదు. బహుశా అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలియదేమో. ఆకులోంచి వచ్చిన విటమిను అంతా లివరు దగ్గరే ఆగిపోదట. కొంత రక్తంలో కొవ్వుతో పాటు ప్రయాణం చేసి ఎముకలకి, రక్తనాళాల గోడలకి, మెదడుకి, ఇంకా చాలా చోట్లకి వెళుతుంది. అక్కడ ఒళ్ళు దాన్ని ఆకులో ఉన్న రూపంలోనే ఉంచదు. దాని తోక లాంటి భాగాన్ని తీసేసి, వేరే తోక తగిలించి, ఇంకో రకం కె విటమినుగా మార్చుకుంటుంది. మాంసంలో, గుడ్డులో కొద్దిగా దొరికేది ఆ రకమే. ఎముకలో సున్నం నిలవడానికి ఈ విటమిను అవసరం. మెదడులో అది ఏమేం చేస్తుందో ఇంకా తెలుసుకుంటున్నారని రాశారు.

నర్సు పిల్లని అడిగాను. "అయితే అమ్మాయ్, మాత్ర వేసుకునే మనిషిలో కూడా మారుద్దా?"

"మాత్ర అడ్డుకునేది వాడినదాన్ని బాగుచేసే పనిని అమ్మమ్మా. ఈ మార్పు వేరే. కొంత జరిగే ఉంటది. ఎంతో మాత్రం నాకు తెలీదు. ఎవరికి?"

"ఎవరికీ కాదులే."

ఇన్నేళ్ళూ నేను ఆయన కంచంలో వేసిన పిడికెడు ఆకుని రక్తం లెక్కగానే చూశాను. ఎక్కువైతే గడ్డ, తక్కువైతే ఎర్రటి మూత్రం. ఇంకో దారి ఉందని తెలియదు. ఆ నిమ్మకాయంత కూరలో ఏ కాస్తో ఆయన మోచేతి ఎముకలోకి, సూదిలో దారం ఎక్కించే వేళ్ళ ఎముకల్లోకి వెళ్ళింది. పదిహేడో రోజు చుక్కకూరని గుర్తుపెట్టుకున్న ఆ తలలోకి కూడా వెళ్ళి, అక్కడ నాకు తెలియని ఇంకో రూపం తీసుకుంది. ఆ మాట ఆయనకి చెప్పాలని ఎంతగా అనిపించిందంటే, పుస్తకం మూసి గుమ్మం వైపు చూశాను. చెప్తే ఏమంటాడో తెలుసు. అన్ని చోట్లకి పంచాల్సింది ఆ పిడికెడేనా, ఇంకొంచెం వెయ్యవే అంటాడు.

నేను ఇప్పుడు ఒక్కదాన్నే వండుకుంటాను. నాకు మాత్రల్లేవు, కొలత అక్కర్లేదు, ఎంతైనా తినొచ్చు. తోటకూర కడిగి గిన్నెలో వెయ్యబోతే చెయ్యి దానంతటదే పిడికిలి పడుతుంది. వేళ్ళు విప్పి, చేటలో మిగిలిన ఆకంతా గిన్నెలోకి తొయ్యాలని ప్రతి మధ్యాహ్నం అనుకుంటాను. ఆయన ఉండగా ఒక్క పూటైనా, కొలవకుండా, గిన్నె మొత్తం ఆయన కంచంలో వంచి, తినేదాకా ఎదురుగా కూర్చోగలిగి ఉంటే ఎలా ఉండేదో అనుకుంటాను. పిడికెడే వండుకుంటాను.